మూడు సెకన్లు

బాలాపూర్ దాటాక క్రషర్ల దుమ్ము లేస్తుంది.
ఆ దుమ్ముకి మా అద్దమంటే ప్రాణం.
పొద్దున్నే తొడుగులు వేసుకుని,
ఊపిరి పక్కకు తిప్పుకుని,
పసిబిడ్డ మొహంలా దాన్ని తుడుస్తాను.
కాగితం మీద నేను ఆప్టికల్ టెక్నీషియన్ని.
అమ్మ మాత్రం వాడకట్టులో
"మా పిల్ల అద్దాలు తుడుస్తది" అని చెప్తుంది.
తప్పేం లేదు.

ఒక్క రేణువు మిగిలినా
కిరణం ముందు దాన్ని కాలుస్తుంది,
ఆ తర్వాత అద్దాన్ని.
శత్రువుది చివరి వంతు.

ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దాయనకి
ఖదీర్ సార్ లెక్క చెప్పాడు:
క్షిపణిని కూల్చే క్షిపణికి కోట్లు,
దీని దెబ్బకి ఒక డబ్బా డీజిలు.
ఆయనకి లెక్క నచ్చింది.
ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి
"మరి, ఆపుతుందా?" అన్నాడు.
బిస్కెట్ విరిగి కప్పులో మునిగింది.
సార్ దాన్నే చూస్తూ,
"ఆపుతుంది. ఆకాశం ఒప్పుకోవాలి."

ఈ ఊరి ఆకాశమా!
ఏప్రిల్‌లో బండరాళ్ళ మీద గాలి మరిగి
కిరణం నీళ్ళలో ముంచిన పుల్లలా వంకరపోతుంది.
ముసురు పట్టిందంటే
నాలుగు రోజులు మా ఆయుధానికి టార్పాలిన్ కప్పి
మిర్చీలు తింటూ కూర్చుంటాం.

అయినా ఒక రాత్రి చూశాను.
దూరాన స్తంభానికి కట్టిన రేకు.
చప్పుడు లేదు. వెలుగూ లేదు, మన కంటికి.
ఒకటి,
రెండు,
మూడు,
రేకు ఎర్రబడి, నిద్రలేచిన కన్నులా తెరుచుకుంది.
మరునాడు ఒక డ్రోన్‌ని కూడా కూల్చాం.
పహాడీ షరీఫ్ దిక్కు ఎవరిదో బర్రె పక్కన పడింది.
బర్రె తల తిప్పి చూసి మళ్ళీ మేతలో పడింది.
మేం మాత్రం చప్పట్లు కొట్టాం.

మూడు లెక్కపెట్టడం నాకు కొత్త కాదు.
చిన్నప్పుడు బడి వదిలాక మొగల్‌పురా గల్లీలో
షహనాజ్ ఖాలా బొగ్గుల కుంపటి ముందు కూర్చునేదాన్ని.
లక్కగాజుని నిప్పుకి చూపించి
"ఏక్, దో, తీన్" అనేది ఆమె.
తక్కువైతే అద్దంముక్క అతకదు,
ఎక్కువైతే గాజు కమురుతుంది.
వేడి ఒక్కచోటే నిలవాలి, చెయ్యి వణకొద్దు.

కానీ గాజు పారిపోదు కదా.
అసలు క్షిపణి
సెకనుకి మైళ్ళు మింగుతుంది,
తనచుట్టూ తాను తిరుగుతుంది,
కాలిన చోటుని నీ కింద నుంచి లాగేసుకుని
చల్లని చెంప చూపిస్తుంది.
మండుతూ దిగడానికే చర్మం తొడుక్కుని పుట్టినదాన్ని
నువ్వు వేడితో బెదిరిస్తావా?
పది ఒకేసారి వస్తే
ఉన్న మూడు సెకన్లని ఏ పదికి పంచుతావు?

పోయిన నెల ఖాలాని కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాను.
షుగర్ వల్ల కంటి వెనక నరాలు కారుతున్నాయి.
లేజర్‌తో మూసేశారు.
ఆటోలో నల్లద్దాలు సర్దుకుంటూ అడిగింది,
మీ ఆఫీసులో ఉండేది ఇదేనా అని.
ఇదే, కొంచెం పెద్దది అన్నాను.
"డాక్టర్‌సాబ్ హిల్నా నక్కో బోలే, మై నై హిలీ.
మీ మిసైల్ కూ భీ వైసాచ్ బోలో."
చాంద్రాయణగుట్ట చౌరస్తా దాకా
ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.
ఆటోవాడు రెండుసార్లు వెనక్కి చూశాడు.

ఖదీర్ సార్ రిపోర్టు ఇంకా పూర్తికాలేదు.
"ఆచరణసాధ్యం" అని రాశాడు,
ముందు "దగ్గర్లో" చేర్చాడు,
దానిముందు "తేటగా ఉన్న రోజు",
దానిముందు "నెమ్మదిగా వచ్చేవాటికి".
మాటకి ముందు మాట చేరుతూ
వాక్యం కాజీపేట రైలంత అయింది.
అబద్ధం మాత్రం లేదు అందులో.

రాత్రి క్రషర్లు ఆగలేదనుకుంటా.
అద్దం మీద సన్నటి తెర.
తొడుగులు వేసుకుని
ఊపిరి పక్కకు తిప్పుకున్నాను.